పార్కుల వ్యవస్థకు చట్టం రాయడం ఎలా: నిధులు, నిర్వహణ, రక్షణపై సమగ్ర మార్గదర్శి

పార్కు కట్టడానికి డబ్బు దొరుకుతుంది. శంకుస్థాపన చేయడానికి, రిబ్బను కత్తిరించడానికి వెనకాడే నాయకుడు ఎక్కడా ఉండడు. ఎనిమిదో ఏట నీటి పంపు కాలిపోయినప్పుడు, పదిహేనో ఏట పిల్లల ఊయలలు తుప్పు పట్టినప్పుడు మాత్రం ఏ పద్దులోనూ పైసా కనిపించదు. కాబట్టి పార్కుల చట్టాన్ని ఆ పదిహేనో ఏటిని తలచుకుని రాయాలి. అలా రాసిన చట్టంలో నాలుగు విషయాలు తేలిపోవాలి: ఏది పార్కు, ఏటా ఎంత కావాలి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఇంకో పనికి మళ్లించబోయేవారిని ఏది ఆపుతుంది. నాలుగోదాన్ని వదిలేస్తే మొదటి మూడూ ఎంత బాగా రాసినా లాభం లేదు.

ముసాయిదా రాసేవారు, పురపాలక సభ్యులు, పౌర సంఘాలు ఈ అడుగులను ఇదే వరుసలో వేయడం మంచిది. చాలామంది పన్ను ఎంత వేయాలన్న చర్చతో మొదలుపెడతారు. ఆస్తుల లెక్క లేకుండా పెట్టిన రేటు మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. ఇక ఆ పన్ను వేసే అధికారం ఏ స్థాయి ప్రభుత్వానికి ఉందన్నది మీ రాజ్యాంగాన్ని బట్టి ఉంటుంది. న్యాయవాది చేత ఆ ఒక్క విషయం ముందే తేల్చుకోండి.

1. ముందు ఆస్తుల పట్టిక

ప్రతి పార్కుకూ ఒక పేజీ చొప్పున పట్టిక తయారు చేయండి. అందులో ఉండాల్సినవి: సర్వే చేసిన హద్దులు, విస్తీర్ణం, యాజమాన్య పత్రం, భూమి ఎలా వచ్చింది (కొనుగోలా, దానమా, లేఅవుటులో వదిలిన ఖాళీ స్థలమా), దానపత్రంలోని షరతులు, నడుస్తున్న లీజులు, ఆక్రమణలు, కోర్టు వ్యాజ్యాలు. వాటి కింద పార్కులోని వస్తువుల వివరం: బాటలు ఎన్ని మీటర్లు, బెంచీలు ఎన్ని, పంపులు, దీపాలు, మరుగుదొడ్లు, ఆటసామగ్రి. ప్రతిదానికీ పెట్టిన సంవత్సరం, 1 నుంచి 5 దాకా స్థితి అంకె రాయాలి. ఆ అంకెకు అర్థం ముందే నిర్వచించండి. లేకపోతే ఒక ఇంజనీరు 3 అన్నదాన్ని ఇంకొకరు 5 అంటారు, మరుసటి ఏడాది పోల్చడానికి ఏమీ మిగలదు.

ఈ పట్టికలోని భూముల భాగాన్ని చట్టానికి షెడ్యూలుగా, అంటే అనుబంధ జాబితాగా చేర్చాలి, హద్దుల పటంతో సహా. "చెరువు పక్కన ఉన్న పార్కు" అని రాస్తే పదేళ్లలో ఆ పార్కు మూడు వైపుల నుంచీ కరిగిపోతుంది. హద్దు లేని పేరును కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం.

షెడ్యూలును మార్చే నిబంధన రెండు వైపులా ఒకేలా ఉండకూడదు. కొత్త పార్కును చేర్చడానికి పాలక మండలి నోటిఫికేషన్ చాలు. ఉన్న పార్కును తీసేయడానికి శాసనసభ సవరణ చట్టమే కావాలి. చాలా చట్టాలు "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా షెడ్యూలును సవరించవచ్చు" అని ఒకే వాక్యంలో తేల్చేస్తాయి. ఆ వాక్యం ఉన్నంతకాలం ఆ షెడ్యూలు ఏ పార్కునూ కాపాడలేదు.

2. ఏటా ఎంత కావాలి

ఖర్చును రెండు పద్దులుగా విడదీయండి. ఒకటి రోజువారీ నిర్వహణ: జీతాలు, నీరు, కరెంటు, చెత్త ఎత్తడం, కొమ్మలు కత్తిరించడం, భద్రత, బీమా. రెండోది పునరుద్ధరణ నిల్వ, అంటే అరిగిపోయిన వస్తువును తిరిగి పెట్టడానికి ఏటా పక్కన పెట్టాల్సిన సొమ్ము. బడ్జెట్లలో మొదటిది కనిపిస్తుంది, రెండోది దాదాపు ఎప్పుడూ కనిపించదు.

నిల్వ లెక్క సులువే. ప్రతి వస్తువును ఈ రోజు కొత్తగా పెట్టడానికి అయ్యే ఖర్చును దాని ఆయుష్షుతో భాగించి, అన్నీ కూడండి. ఉదాహరణకు పార్కుల్లోని నిర్మాణాలన్నిటి విలువ 100 అనుకుందాం. అందులో బాటలు 40, ఆయుష్షు 20 ఏళ్లు, ఏటా 2. ఆటసామగ్రి 15, ఆయుష్షు 15 ఏళ్లు, ఏటా 1. పంపులు, పైపులు, దీపాలు 15, ఆయుష్షు 10 ఏళ్లు, ఏటా 1.5. భవనాలు 30, ఆయుష్షు 30 ఏళ్లు, ఏటా 1. మొత్తం 5.5. అంటే నిర్మాణ విలువలో ఏటా ఐదున్నర శాతం పక్కన పెడితే తప్ప ఆ పార్కులు ఉన్నచోట నిలబడవు. మీ ఆయుష్షు అంకెలు వేరుగా ఉంటాయి. సముద్రతీరంలో తుప్పు ఇనుమును త్వరగా తినేస్తుంది, మంచు పడే చోట బాటలు త్వరగా పగులుతాయి. ధరల పెరుగుదలను బట్టి ఈ లెక్కను మూడేళ్లకోసారి తిరగరాయాలి.

ఈ నిల్వ పెట్టకపోతే వాయిదా పడ్డ మరమ్మతులు పేరుకుంటాయి. అమెరికా జాతీయ పార్కులు, ఇతర సమాఖ్య భూములలో ఆ బకాయి ఎంత పెరిగిందంటే, 2020లో గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం ద్వారా ఏడాదికి 190 కోట్ల డాలర్ల దాకా ఐదేళ్లపాటు మరమ్మతులకే కేటాయించాల్సి వచ్చింది.

చట్టంలో ఇలా ఒక వాక్యం పెట్టండి: "కొత్త పార్కు లేదా నిర్మాణానికి మండలి ఆమోదం ఇచ్చే ముందు, దాని రోజువారీ ఖర్చును, పునరుద్ధరణ నిల్వను, వాటికి రాబడి మూలాన్ని తెలిపే పత్రాన్ని ప్రచురించాలి." దాతలు ఫౌంటెన్ కట్టిస్తామని వచ్చినప్పుడు ఈ వాక్యం అక్కరకొస్తుంది. ఉచితంగా వచ్చిన ఫౌంటెన్‌కు కరెంటు బిల్లు ఉచితంగా రాదు.

3. ఎవరి చేతిలో పెట్టాలి

స్థూలంగా నాలుగు దారులున్నాయి: నగరపాలక సంస్థలోనే ఒక విభాగం, ఎన్నికైన లేదా నియమిత స్వతంత్ర మండలి, పార్కుల పని ఒక్కదానికే ఏర్పడి సొంతంగా పన్ను వేసే ప్రత్యేక జిల్లా, ట్రస్టు.

విభాగమైతే ఏర్పాటు తేలిక. కానీ రాబడి తగ్గిన ఏడాదిలో మొదట కోత పడేది దానికే. రోడ్డు గుంతకు వచ్చినన్ని ఫోన్లు ఎండిన పచ్చికకు రావు. స్వతంత్ర మండలికి పాత ఉదాహరణ మినియాపొలిస్. 1883లో మినెసోటా శాసనసభ చట్టంతో, పౌరుల ఓటుతో ఏర్పడిన ఆ మండలి ఈనాటికీ నగర మండలికి వేరుగా, ఎన్నికైన తొమ్మిది మంది సభ్యులతో నడుస్తోంది. ప్రత్యేక జిల్లాల విషయంలో షికాగోను చూడాలి. ఒకే నగరంలో 22 పార్కు జిల్లాలు విడివిడిగా పన్ను వసూలు చేసుకుంటూ ఉండగా, ఆర్థిక మాంద్యం కాలంలో 1934లో వాటన్నిటినీ ఒకటిగా కలిపారు. చిన్న జిల్లాలు ఎక్కువైతే ధనిక వాడకు మంచి పార్కు, పేద వాడకు బీడు మిగులుతాయి. ట్రస్టుకు బ్రిటన్‌లోని మిల్టన్ కీన్స్ మంచి నమూనా. 1992లో అక్కడి పార్కులను 999 ఏళ్ల లీజుపై ట్రస్టుకు అప్పగిస్తూ, అద్దె వచ్చే వాణిజ్య ఆస్తులను కూడా మూలనిధిగా, అంటే అసలు కరగకుండా రాబడిని వాడుకునే నిధిగా చేతికిచ్చారు. మూలనిధి ఇవ్వకుండా పార్కులను ట్రస్టుకు అప్పగించడమంటే భారం దించేసుకోవడమే. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు 1980లో పుట్టిన కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ చందాలు బాగా పోగు చేస్తుంది. ఆ నమూనా సంపన్నులు చుట్టూ ఉన్న ప్రఖ్యాత పార్కుకు నప్పుతుంది, ఊరంతటి వ్యవస్థకు నప్పదు.

దారి ఏదైనా చట్టంలో రాయాల్సిన యంత్రాంగం దాదాపు ఒకటే. సభ్యులు 7 లేదా 9 మంది. పదవీకాలం నాలుగేళ్లు, సగం మంది చొప్పున రెండేళ్లకోసారి మారేలా ఉండాలి. అందరి కాలమూ ఒకేసారి ముగిస్తే కొత్త మండలికి పాత నిర్ణయాల కారణాలు చెప్పేవారుండరు. ఖాళీ పడితే 60 రోజుల్లో నింపాలి, నింపకపోతే ఎవరు నింపాలో రాయాలి. కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య ఎంత? సభ్యుడికి కాంట్రాక్టులో వాటా ఉంటే ఏం చేయాలి? కార్యనిర్వహణాధికారిని ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగిస్తారు? ఈ చిన్న ప్రశ్నలకు జవాబు లేని మండళ్లు కాగితం మీదే నిద్రపోతాయి.

4. ఏ ఖర్చుకు ఏ రాబడి

ఒక్కసారి వచ్చే డబ్బును ఒక్కసారి అయ్యే ఖర్చుకు, ఏటా వచ్చే డబ్బును ఏటా అయ్యే ఖర్చుకు వాడాలి. పార్కుల ఆర్థికంలో జరిగే తప్పులు చాలావరకు దీన్ని తలకిందులు చేయడం వల్లనే.

ఆస్తి పన్నులో ప్రత్యేక వాటా రోజువారీ నిర్వహణకు అన్నిటికంటే నమ్మకమైనది, ఎందుకంటే మాంద్యంలోనూ పెద్దగా కుంగదు. దాన్ని స్థిర మొత్తంగా రాయకండి. ఆస్తి విలువలో శాతంగా గానీ, ధరల సూచీకి ముడిపెట్టి గానీ రాయాలి. అమ్మకపు పన్నులో వాటా తక్కువ నొప్పితో ఎక్కువ తెస్తుంది, కానీ వ్యాపారం పడిపోయిన ఏడాది అదీ పడిపోతుంది. అలాంటి రాబడి మీద నడిచే వ్యవస్థకు కనీసం నాలుగు నెలల ఖర్చుకు సరిపడే స్థిరీకరణ నిధి ఉండాలి. మిస్సోరీ రాష్ట్రం 1984 నుంచి ఒక శాతంలో పదో వంతు అమ్మకపు పన్నును సగం రాష్ట్ర పార్కులకు, సగం నేల, నీటి సంరక్షణకు ఇస్తోంది. పార్కుల పన్నుకు రైతుల మద్దతు ఎక్కడిది అని అడిగేవారికి ఆ రెండో సగమే జవాబు.

కొత్త ఇళ్లు కట్టేవారి నుంచి తీసుకునే భూమి లేదా రుసుము కొత్త పార్కులకు సరైన మూలం. కాలిఫోర్నియాలో 1965 నాటి క్వింబీ చట్టం వెయ్యి మంది జనాభాకు 3 ఎకరాల లెక్కన ఇలా అడిగే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. ఆ డబ్బు కొత్త పార్కులకు, పాతవాటి పునరుద్ధరణకే తప్ప రోజువారీ నిర్వహణకు వాడకూడదు. మీ చట్టంలోనూ ఆ గీత గీయండి. భూమి తీసుకునేటప్పుడు వాలు ఎంత, వరద తగులుతుందా, రోడ్డు ఉందా అన్న కనీస ప్రమాణాలు రాయకపోతే బిల్డరు తనకు పనికిరాని గోతినే మీకు రాసిస్తాడు.

బాండ్లు భూమి కొనడానికి, పెద్ద నిర్మాణాలకు సరిపోతాయి. బాండు గడువు ఆ వస్తువు ఆయుష్షును మించకూడదు. పదిహేనేళ్ల ఆటసామగ్రిని ముప్పై ఏళ్ల అప్పుతో కొంటే, తుక్కుకు వేసిన వస్తువు మీద మరో పదిహేనేళ్లు వడ్డీ కడుతుంటారు.

మూలనిధి పెట్టగలిగితే లెక్క ఇలా ఉంటుంది: ఏటా 4 శాతం మాత్రమే తీయాలంటే, వార్షిక ఖర్చుకు 25 రెట్లు మూలనిధి కావాలి. తీసే శాతాన్ని గత మూడేళ్ల సగటు విలువ మీద లెక్కించాలి, లేకపోతే మార్కెట్ పెరిగిన ఏడాది అతిగా తీసి, తగ్గిన ఏడాది అవస్థ పడతారు.

5. నిధికి తాళం

చట్టం పనితనమంతా ఇక్కడే తేలుతుంది. మూడు దొంగదారులున్నాయి, మూడింటినీ విడివిడిగా మూయాలి.

మొదటి దారి: పన్ను వసూలవుతుంది, కేటాయింపు జరగదు. అమెరికాలో 1964 చట్టంతో ఏర్పడిన భూ, జల సంరక్షణ నిధికి సముద్రంలో తీసే చమురు, గ్యాసు రాబడి నుంచి ఏటా 90 కోట్ల డాలర్ల దాకా ఇవ్వవచ్చని తర్వాతి సవరణలు చెప్పాయి. "ఇవ్వవచ్చు" అన్నారు గనక కాంగ్రెస్ ఏటా తోచినంత ఇస్తూ పోయింది. పూర్తి మొత్తం అందిన సంవత్సరాలు అతి తక్కువ. పైన చెప్పిన 2020 చట్టంతోనే అది తప్పనిసరి అయింది. టెక్సస్‌దీ అదే కథ. క్రీడాసామగ్రి మీద వచ్చే అమ్మకపు పన్నును పార్కులకు ఇస్తామని 1993లో చట్టం చేశారు, కానీ ఏళ్ల తరబడి శాసనసభ అందులో కొంతే కేటాయించింది. చివరకు 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణతో దాన్ని బిగించారు. కాబట్టి "కేటాయించవచ్చు" అనే మాట ముసాయిదాలో కనిపిస్తే కొట్టేయండి. ఇలా రాయండి: "ఈ పన్ను వసూలైన 30 రోజుల్లో పార్కుల నిధిలో జమ అవుతుంది. ఏటేటా వేరే కేటాయింపు అవసరం లేకుండా, ఈ చట్టం ప్రకారమే మండలి దాన్ని ఖర్చు చేయవచ్చు." మీ రాజ్యాంగం వార్షిక ఆమోదం తప్పదంటే, మిగిలిపోయిన సొమ్ము సాధారణ ఖజానాకు తిరిగి పోదని, నిధికి వచ్చే వడ్డీ నిధికే చెందుతుందని రాయండి.

రెండో దారి: కొత్త డబ్బు వచ్చింది గనక పాత డబ్బు ఆపేయడం. ఇది చప్పుడు లేకుండా జరిగిపోతుంది. కొత్త పన్ను వంద తెస్తుంది, నగరం తన సాధారణ బడ్జెట్ నుంచి ఇస్తున్న వందను నిలిపేస్తుంది. పౌరుడు పన్ను ఎక్కువ కట్టాడు, పార్కుకు పైసా పెరగలేదు. మినెసోటా 2008లో ఒక శాతంలో ఎనిమిదింట మూడు వంతుల అమ్మకపు పన్నును 25 ఏళ్లకు ఆమోదించి, అందులో 14.25 శాతం పార్కులకు, కాలిబాటలకు ఇచ్చింది. ఆ రాజ్యాంగ సవరణలోనే ఈ సొమ్ము పాత మూలాలకు అదనమే గానీ ప్రత్యామ్నాయం కాకూడదని రాశారు. ఆ మాట ఒక్కటే రాస్తే వాదనకు చోటుంటుంది, అంకె కూడా పెట్టాలి: "సాధారణ నిధి నుంచి పార్కులకు ఇచ్చే మొత్తం, ఈ చట్టానికి ముందు మూడేళ్ల సగటుకు ధరల సూచీని కలిపిన మొత్తం కంటే తగ్గకూడదు." దీనికి ఒక వెసులుబాటు ఇవ్వక తప్పదు. మొత్తం సాధారణ రాబడి పడిపోయిన ఏడాది, పార్కుల వాటా కూడా అంతే శాతం తగ్గవచ్చు, అంతకంటే ఎక్కువ తగ్గకూడదు. ఈ వెసులుబాటు లేని నిబంధనను మొదటి మాంద్యంలోనే రద్దు చేస్తారు. సగటు లెక్కించే మూడేళ్లనూ జాగ్రత్తగా ఎంచుకోండి. చట్టం వస్తోందని తెలిసి ముందే కోతలు పెట్టే అధికారులు ఉంటారు.

మూడో దారి: "పార్కు సంబంధిత" అన్న పదం. నిర్వచనం వదులుగా ఉంటే పక్క రోడ్డు తారు, పోలీసు వాహనాలు, ప్రధాన కార్యాలయపు ఎయిర్ కండిషనర్లు అన్నీ పార్కు ఖర్చులే అవుతాయి. ఏవి చెల్లుతాయో, ఏవి చెల్లవో రెండు జాబితాలుగా రాయండి. ఇతర విభాగాలు "ఉమ్మడి సేవల" పేరుతో వసూలు చేసే మొత్తానికి, ఉదాహరణకు నిధిలో 5 శాతం అని, గరిష్ఠ పరిమితి పెట్టండి.

ఉల్లంఘిస్తే ఏమవుతుందో రాయని తాళం తెరిచే ఉన్నట్టు. మళ్లించిన సొమ్మును వడ్డీతో సహా వచ్చే ఆర్థిక సంవత్సరంలో తిరిగి జమ చేయాలి. ఆ పరిధిలో నివసించే ఏ పౌరుడైనా కోర్టుకు వెళ్లవచ్చు. గెలిస్తే కోర్టు ఖర్చులు ఇవ్వాలి. ఈ మూడు వాక్యాలు ఉంటే చాలు.

6. భూమికి తాళం

పార్కు భూమి ఖాళీగా ఉంటుంది, ఊరి నడుమ ఉంటుంది, అప్పటికే ప్రభుత్వానిది. ఆసుపత్రికి, బడికి, నీళ్ల ట్యాంకుకు అందరి చూపూ దాని మీదే పడుతుంది. అడిగే పని ఎంత మంచిదైతే అడ్డుకోవడం అంత కష్టం. భారత సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో, లేఅవుటులో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ స్థలం కోసం కోర్టుకు వెళ్లే హక్కు అక్కడి నివాసులకు ఉందని కూడా గుర్తించింది. న్యూయార్క్ రాష్ట్రంలో నగరం తన పార్కు భూమిని వేరే పనికి వాడాలంటే రాష్ట్ర శాసనసభ ఆమోదం కావాలి. 2001లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కు కింద నీటి శుద్ధి కేంద్రం కట్టబోయినప్పుడు, భూగర్భంలో అయినా సరే ఆ ఆమోదం తప్పదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. పూర్తయ్యాక పైన మళ్లీ పార్కే వేస్తామన్న వాదన నిలవలేదు.

అన్యాక్రాంతాన్ని అడ్డుకునే నిబంధనలో అమ్మకం ఒక్కటే రాస్తే చాలదు. లీజు, అనుమతి, పైపులైను హక్కు, భూగర్భ పార్కింగు, ఏడాదికి మించిన "తాత్కాలిక" వాడకం, అన్నీ పేరు పెట్టి చేర్చాలి. తప్పనిసరైన చోట బదులు భూమి షరతు పెట్టండి: విలువలో సమానం, ప్రయోజనంలో సమానం, అదే జనానికి నడిచే దూరంలో, పాత భూమి చేయి మారకముందే కొత్తది స్వాధీనంలో ఉండాలి. 1964 అమెరికా చట్టం కింద గ్రాంటు తీసుకున్న పార్కులకు మొదటి రెండు షరతులూ ఎప్పటికీ వర్తిస్తాయి. "విలువ" ఒక్కటే రాసి వదిలేస్తే నగరం నడిబొడ్డున ఎకరానికి బదులు ఊరి బయట ఇరవై ఎకరాలు ఇస్తారు. లెక్కకు లాభమే, అక్కడికి వెళ్లే పిల్లలే ఉండరు.

7. రుసుములు, కాంట్రాక్టులు

ప్రవేశ రుసుము మీద వ్యవస్థను నిలబెట్టాలని చూడకండి. వసూలు చేసే మనిషి జీతం, గేటు, కంచె ఖర్చు తీసేశాక మిగిలేది తక్కువ, పేదవారు రావడం మానేస్తారు. పడవలు, క్రీడా మైదానాల బుకింగు, పెళ్లి వేదికలు, వాహనాల పార్కింగు లాంటివాటికి రుసుము సబబే. అమెరికా 2004 నాటి సమాఖ్య చట్టం వసూలైన రుసుములో కనీసం 80 శాతం వసూలైన చోటే ఉంచాలంటుంది. అక్కడి సిబ్బందికి వసూలు మీద శ్రద్ధ కలిగించేది ఇదే, మిగతాది రుసుము రాని చిన్న పార్కులకు వెళ్లవచ్చు.

పార్కులో హోటళ్ల లాంటివి నడిపే కాంట్రాక్టుల్లో మండలి వాటాను మొత్తం అమ్మకాల మీద లెక్కించాలి, లాభం మీద కాదు. కాగితం మీద లాభం చూపని హోటళ్లకు కొదవలేదు. గడువు అయిదేళ్లకు మించాలంటే కాంట్రాక్టరు పెట్టే పెట్టుబడిని చూపించాలి. గడువు తీరాక కట్టడం మండలిదే అవుతుందని రాయాలి.

8. పంపకం

డబ్బును తలసరి పంచితే ఇప్పటికే పార్కులున్న వాడలకు మళ్లీ అంతే వెళ్తుంది. జనసాంద్రత, పదినిమిషాల నడకలో పార్కు ఉందా, సగటు ఆదాయం, ఆస్తుల స్థితి అంకె, ఈ నాలుగింటికీ భారాలు, అంటే దేనికెంత ప్రాధాన్యమో తెలిపే అంకెలు పెట్టి సూత్రం తయారు చేయండి. భారాలను చట్టంలో కాక నియమాల్లో పెట్టి, అయిదేళ్లకోసారి సవరించండి. సూత్రం ప్రకారం వచ్చిన వరుసను దాటి ఏ పార్కుకైనా ముందు ఖర్చు పెడితే కారణం రాతపూర్వకంగా ప్రచురించాలి.

9. అమలులోకి తెచ్చేటప్పుడు

చట్టం ఆమోదం పొందిన రోజునే పన్ను డబ్బు రాదు. పన్ను జాబితాలు సవరించి, బిల్లులు పంపి, మొదటి వాయిదా జమ అయ్యేసరికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఆ మధ్యకాలానికి సాధారణ నిధి నుంచి వంతెన రుణం తీసుకునే అధికారాన్ని, దాన్ని తిరిగి చెల్లించే గడువును చట్టంలోనే పెట్టండి. అమలు తేదీ ఆర్థిక సంవత్సరపు మొదటి రోజైతే లెక్కలు తేలిక.

సిబ్బంది బదిలీ నిబంధనలో సర్వీసు, సెలవులు, పింఛను యథాతథంగా కొనసాగుతాయని స్పష్టంగా రాయాలి. ఇది మరిచిన చట్టాల మొదటి మూడేళ్లు కోర్టుల్లోనే గడుస్తాయి. నడుస్తున్న కాంట్రాక్టులు, అప్పులు, వ్యాజ్యాలు ఏ తేదీన ఎవరి పేరుకు మారతాయో చెప్పాలి. నియమాలు 180 రోజుల్లో రావాలి. రాకపోతే పాత నియమాలు కొనసాగుతాయని రాయండి, లేదంటే జరిమానా వేసే అధికారం కూడా ఎవరికీ ఉండదు.

ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోగా స్వతంత్ర ఆడిట్ పూర్తి కావాలి. దానితోపాటు ప్రతి పార్కు స్థితి అంకె, పునరుద్ధరణ నిల్వలో ఉండాల్సిన మొత్తం, ఉన్న మొత్తం పక్కపక్కనే ప్రచురించాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో తెలిస్తే ఇక వార్షిక నివేదికలోని ఫోటోలు చూడనక్కరలేదు.

పన్నుకు గడువు పెడితే ఓటర్లు, సభ్యులు ఒప్పుకోవడం తేలిక. మిస్సోరీ పన్ను 1988, 1996, 2006, 2016లలో మళ్లీ ఓటుకు వెళ్లి నెగ్గింది. పదేళ్లకు తక్కువ గడువు పెట్టకండి, సిబ్బంది నియామకం, ప్రణాళిక రెండూ కుంటుపడతాయి. పన్నును పొడిగించే ఓటుకు రెండేళ్ల ముందే పని మొదలవ్వాలి: మొదటి ఆరు నెలల్లో స్థితి అంకెల కొత్త సర్వే, తర్వాతి ఆరు నెలల్లో ఖర్చు లెక్క, ఆపై వాడవాడలా బహిరంగ సభలు, చివరి ఆరు నెలల్లో తీర్మానం. గడువు తీరేలోగా ఓటు నెగ్గకపోతే, ఆ రోజు నాటికి ఒప్పుకున్న బాండ్లు, కాంట్రాక్టుల చెల్లింపు పూర్తయ్యేదాకా పన్ను ఆ మేరకు కొనసాగుతుందన్న నిబంధనను మొదటి ముసాయిదాలోనే చేర్చండి.